పేస్‌మేకర్ పక్కకు జరిగిందన్నారా? సరిచేసే ఆపరేషన్‌లో ఏం జరుగుతుంది

గుండె వేగం తగ్గిపోకుండా చూసే పేస్‌మేకర్ కదిలింది, మళ్లీ సర్దాలని డాక్టరు చెప్పగానే ముందు ఒక్కటి అడగండి: కదిలింది పెట్టెనా, వైరా? పాత గాటునే తెరిచి చేసినా ఈ రెండూ వేర్వేరు ఆపరేషన్లు. ఎంతసేపు పడుతుంది, ఏ ప్రమాదం ఎక్కువ, ఇంటికెళ్లాక చేతిని ఎంత జాగ్రత్తగా చూసుకోవాలి అన్నవన్నీ ఆ జవాబును బట్టే ఉంటాయి.

మనవాళ్లు బ్యాటరీ అని పిలిచే ఆ పెట్టె బరువు సుమారు 20 నుంచి 30 గ్రాములు. ఎక్కువగా ఎడమ కాలర్ ఎముక కింద, చర్మానికీ ఛాతీ కండరానికీ మధ్య చేసిన చిన్న సంచిలో ఉంటుంది. అక్కడి నుంచి లీడ్ అనే సన్నని వైరు, ఒకటో రెండో, సిర గుండా గుండె కుడి గదుల్లోకి వెళ్తుంది. చాలా లీడ్ల కొనకు చిన్న స్క్రూ ఉంటుంది. అది గుండె గోడలో దిగి పట్టుకోవాలి. చుట్టూ కండ పెరిగి పట్టు గట్టిపడడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టే, వైరు ఊడడం ఎక్కువగా మొదటి కొద్ది రోజుల్లో, వారాల్లో జరుగుతుంది. మళ్లీ కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, ఆగని ఎక్కిళ్లు, ఛాతీ కండరం అదరడం దాని గుర్తులు. పేస్‌మేకర్‌ను నిమిషానికి 60కి సెట్ చేస్తే, నిమిషం నిండా లెక్కపెట్టిన నాడి 45 ఉంటే అనుమానించాలి. మధ్యలో వచ్చే అదనపు బీట్ల వల్ల కూడా నాడి తక్కువగా తగలొచ్చు, అందుకని ఈసీజీ తీయించాకే నిర్ణయం.

పెట్టె జరగడానికి కారణాలు వేరు. సన్నగా ఉన్న పెద్దవాళ్లలో సంచి వదులై పెట్టె చంక వైపు జారుతుంది, లేదా పైచర్మం పల్చబడి మెరుస్తుంది. కొందరు తెలియకుండానే వేళ్లతో దాన్ని తిప్పుతూ ఉంటారు. పెట్టె గిరగిరా తిరిగితే వైరు దానికి చుట్టుకుని గుండె నుంచి ఊడి వస్తుంది. దీన్ని ట్విడ్లర్ సిండ్రోమ్ అంటారు. ఆ అలవాటు ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. కారణం తెలియకుండా సర్దితే మళ్లీ జరుగుతుంది.

ఒక విషయంలో మాత్రం రాజీ వద్దు. చర్మం చిల్లుపడి పెట్టె గానీ వైరు గానీ కనబడినా, చీము కారినా పేస్‌మేకర్ మొత్తానికి ఇన్ఫెక్షన్ సోకినట్టే లెక్క. అప్పుడు పక్కకు జరిపి మళ్లీ కుట్టేస్తే సరిపోదు. పెట్టెనూ వైర్లనూ తీసేసి, యాంటీబయోటిక్స్ ఇచ్చి, తర్వాత వేరే చోట కొత్తది పెట్టాలి. పైపైన కుట్లు వేసి పంపిస్తామంటే ఇంకో కార్డియాలజిస్టు అభిప్రాయం తీసుకోండి. సంచి ఉబ్బితే సూదితో నీరు లాగనివ్వకండి. ఆ సూదితోనే క్రిములు లోపలికి వెళ్తాయి.

చేరడానికి ముందు

పేస్‌మేకర్ కార్డు తప్పక తీసుకెళ్లండి. మెడ్‌ట్రానిక్, అబాట్, బోస్టన్ సైంటిఫిక్, బయోట్రానిక్ లాంటి ఒక్కో కంపెనీకి పేస్‌మేకర్‌ను బయటి నుంచి చదివే సొంత ప్రోగ్రామర్ మెషిన్ ఉంటుంది, ఒకదానితో మరొకటి చదవలేం. మీది ఏ కంపెనీదో, ఏ మోడలో ముందే తెలిస్తేనే ఆస్పత్రివాళ్లు సరైన మెషిన్‌ను, టెక్నీషియన్‌ను పిలిపించుకోగలరు. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో విశాఖ వచ్చేవాళ్లు కార్డు ఇంట్లో మరిచిపోతే ఒక రోజు వృథా అవుతుంది. అక్కడి ప్రభుత్వ ఆస్పత్రులైన కేజీహెచ్‌కి వెళ్లినా, విమ్స్‌కి వెళ్లినా, ఆరిలోవ హెల్త్ సిటీలోని ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లినా ఇది వర్తిస్తుంది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకోవాలంటే, ఈ సర్దుబాటు ఆపరేషన్‌కు అనుమతి ఎలాగో చేరకముందే ఆస్పత్రిలోని ఆ పథకం హెల్ప్‌డెస్క్‌లో అడగండి.

ఈసీజీ, ఎదురుగా, పక్కనుంచి తీసే రెండు ఎక్స్‌రేలు, హిమోగ్లోబిన్, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూస్తారు. రక్తం పల్చబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లకు ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చూపే పరీక్ష) కూడా. ఇలాంటి మందులను మీకు మీరే ఆపకండి. వార్ఫరిన్ ఆపి హెపారిన్ ఇంజెక్షన్లు ఇవ్వడం వల్ల సంచిలో రక్తం కారి గడ్డలా చేరడం ఎక్కువని తేలింది, అందుకని చాలామందికి వార్ఫరిన్ ఆపకుండానే చేస్తారు. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతుంటే 3 రోజుల ముందు ఆపమంటారు. ముందు రాత్రి సబ్బుతో స్నానం చేయండి. ఛాతీ మీద వెంట్రుకలను ఇంట్లో రేజర్‌తో గీయకండి, చిన్న గాట్లలో క్రిములు చేరతాయి. భోజనం 6 గంటల ముందు ఆపేయాలి. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగనిస్తారు.

క్యాథ్‌ల్యాబ్‌లో (ఎక్స్‌రే తెర ఉండే ఆపరేషన్ గదిలో)

మెలకువగానే ఉంటారు. నిద్రమత్తు ఇంజెక్షన్‌తో పాటు గాటు చుట్టూ మొద్దుబార్చే లిగ్నోకెయిన్ మందు ఇస్తారు. గాటు పెట్టడానికి ముందు గంటలోపు ఒక డోసు యాంటీబయోటిక్ పడుతుంది. పాత మచ్చ గట్టిపడి ఉంటుంది గనుక మొదటిసారి కన్నా మొద్దుబారడం తక్కువ. లాగినట్టు, నొక్కినట్టు అనిపించడం మామూలే. నొప్పి అయితే మాత్రం చెప్పండి, ఇంకా మందిస్తారు.

పేస్‌మేకర్ లేకుండా గుండె సరిగా కొట్టుకోని వాళ్లకు ముందు గజ్జ నుంచి తాత్కాలిక వైరు పెడతారు. వైరును పెట్టె నుంచి విప్పినప్పుడు గుండె ఆగకుండా అదే కాపాడుతుంది.

వైరు సర్దాలంటే స్క్రూను వెనక్కి తిప్పి, లోపల సన్నని తీగ దూర్చి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ కొత్తచోట దింపుతారు. అక్కడ కొలతలు చూస్తారు: 0.5 మిల్లీసెకన్లలో సుమారు 1 వోల్టు లోపు కరెంటుకే గుండె స్పందించాలి, గుండె కింది గది నుంచి వచ్చే సంకేతం 5 మిల్లీవోల్టులకు పైగా ఉండాలి. 10 వోల్టులు ఇచ్చి డయాఫ్రమ్ (ఊపిరి తీసుకునే కండరం) అదరడం లేదని కూడా చూసుకుంటారు, ఎక్కిళ్లు రాకుండా. స్క్రూలో కండ ఇరుక్కుని తిరగకపోతే కొత్త వైరు వేస్తారు. తర్వాత వైరు మీది సిలికాన్ తొడుగును కండరానికి కుడతారు. ఆ కుట్టు వదులైతే వైరు జారుతుంది. ఏళ్లు గడిచిన వైరు గోడకు అతుక్కుపోతుంది, దాన్ని తీయడం వేరే పెద్ద పని.

పెట్టె సర్దడంలో కొత్త సంచి చేస్తారు. చర్మం పల్చగా ఉంటే కండరం కిందికి పెట్టి, కరగని దారంతో కడతారు. మొత్తం గంట నుంచి రెండు గంటలు.

ఊపిరితిత్తి నుంచి గాలి లీకు (ముఖ్యంగా కొత్త వైరు కోసం సిర మళ్లీ గుచ్చితే), రక్తపు గడ్డ, గుండె గోడ చిల్లుపడడం అరుదైనా ఉన్న ప్రమాదాలు. రెండోసారి తెరిచినప్పుడు ఇన్ఫెక్షన్ అవకాశం మొదటిసారి కన్నా ఎక్కువ. అందుకే అసలు తెరవాల్సిన అవసరం ఉందా అని ముందే గట్టిగా అడగడం మంచిది.

ఇంటికొచ్చాక

మర్నాడు ఎక్స్‌రే, మెషిన్ పరీక్ష చూసి పంపుతారు. వైరు సర్దితే 4 నుంచి 6 వారాలు ఆ వైపు మోచేయి భుజం కన్నా పైకి ఎత్తకండి, 4-5 కిలోలు మించి మోయకండి. నిండు బిందె, గ్యాస్ సిలిండరు, ఫిషింగ్ హార్బర్‌లో వల లాగడం అన్నీ వదిలేయాలి. ఆర్టీసీ బస్సులో పైరాడ్డు పట్టుకుని వేలాడకండి, పాడేరు ఘాట్ మలుపుల్లో చెయ్యి ఒక్కసారిగా లాగుతుంది. కారులో ముందు సీట్లో కూర్చుంటే బెల్టు ఎడమ భుజం మీదుగానే వస్తుంది, మధ్యలో మెత్తటి తువ్వాలు పెట్టుకోండి. అయితే చెయ్యి అసలు కదపకపోతే భుజం బిగుసుకుపోతుంది. నడుము ఎత్తులో మెల్లగా ఊపుతూ ఉండండి.

విశాఖ ఉక్కలో చెమట పట్టి కట్టు తడుస్తుంది. వదులు కాటన్ బట్టలు వేసుకుని, కట్టు తడిస్తే డాక్టరు చెప్పినట్టు మార్పించండి. గాయం మీద పసుపు, కొబ్బరినూనె, పౌడరు పెట్టకండి. 7 నుంచి 10 రోజుల్లో చూపించుకోండి. గాయం పూర్తిగా మానే దాకా ఆర్కే బీచ్‌లో అలల్లోకి దిగకండి. ఉక్కు ఫ్యాక్టరీలోనో గాజువాక ఆటోనగర్‌లోనో వెల్డింగ్ పనిచేసేవాళ్లు తమ మోడల్‌కు ఎంత కరెంటు దాకా, ఎంత దూరంలో అనుమతి ఉందో కార్డియాలజిస్టును అడిగి రాయించుకున్నాకే పనికి వెళ్లాలి.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, గాటు దగ్గర ఎరుపు, వేడి, వాపు పెరిగినా, చీము కనబడినా వెంటనే వెళ్లండి. స్పృహ తప్పినా, ఊపిరాడకపోయినా 108కి ఫోన్ చేయండి.

డిశ్చార్జ్ రోజున కొత్త స్థానం చూపే ఎక్స్‌రే ఫిల్ము, మెషిన్ కొలతల ప్రింటు రెండూ అడిగి తీసుకోండి. మళ్లీ అనుమానం వస్తే ఏ ఆస్పత్రికి వెళ్లినా ఆ రెండింటితో పోల్చి చూసే వైరు జరిగిందో లేదో తేలుస్తారు.