ఆషాఢం నుంచి బతుకమ్మ దాకా: ఒకటికి మించి దుకాణాలున్నవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

పోయిన ఏడాది లెక్క చూసి ఈ ఏడాది సరుకు దింపే అలవాటున్నవాళ్లు ముందుగా క్యాలెండరు చూడండి. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది. 2026లో అక్టోబరు 20న వస్తోంది. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం పడింది కాబట్టి పండుగలన్నీ వెనక్కి జరిగాయి. పోయినసారి జూన్ నెలాఖరులో మొదలైన ఆషాఢం ఈసారి జూలై మధ్యలో మొదలవుతుంది. అధిక మాసంలో పెళ్లిళ్లుండవు, ఆషాఢంలోనూ ఉండవు. గిరాకీ లేని రోజులు మామూలుకన్నా ఎక్కువన్నమాట. పాత కాగితం చూసి సెప్టెంబరు మొదట్లోనే బతుకమ్మ సరుకు దింపితే, నెలకు పైగా అది గోదాములో కూర్చుంటుంది, మన మిత్తి మాత్రం నడుస్తూనే ఉంటుంది.

పాత లెక్కలో ఇంకో మెలిక ఉంది. జీఎస్టీ తగ్గుతుందని పోయిన ఆగస్టు 15న ప్రకటించారు, సెప్టెంబరు 22 నుంచి అమలైంది. సబ్బు, టూత్‌పేస్టు, షాంపూ, తలనూనెల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఆ మధ్యలో ఐదు వారాలు చాలామంది పెద్ద ప్యాకెట్లు కొనకుండా ఆగారు. అందుకే మా లెక్కల్లో ఆగస్టు పల్లం, సెప్టెంబరు ఆఖరు గుట్ట. ఆ గుట్టను చూసి ఈ సెప్టెంబరుకు ఆర్డరు పెట్టేవాడిని ఏమనాలో నాకు తెలియదు. జనవరి అంకెలైతే మరీ మోసం: ఈ జనవరి 28 నుంచి 31 వరకు మేడారం జాతర జరిగింది, వచ్చే జనవరిలో జాతర లేదు.

కాబట్టి ఈ నాలుగు నెలలు పుస్తకంలోని అంకెల కంటే గల్లా దగ్గర నిలబడే మనిషి కళ్లను నమ్ముకోవాలి. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన జాగ్రత్త ఇదే. ఇది నాకు సులభంగా తెలిసిరాలేదు.

మాకు మూడు దుకాణాలున్నాయి, హనుమకొండలో, నర్సంపేటలో, భూపాలపల్లిలో. మూడింటి పైనా ఒకే బోర్డు, లోపల దాదాపు ఒకే సరుకు: కిరాణం, సబ్బులు, ప్లాస్టిక్ సామాను, పండుగ రోజుల్లో కొద్దిగా బట్టలు. కానీ మూడు ఊళ్లలో డబ్బు మూడు దారుల్లో వస్తుంది. హనుమకొండలో జీతాల మనుషులు, విశ్వవిద్యాలయం, ఎన్‌ఐటీ, కోచింగ్ హాస్టళ్ల పిల్లలు. సెలవులిస్తే వీధి సగం ఖాళీ, కాలేజీలు తెరిస్తే మళ్లీ కళ. భూపాలపల్లిలో సింగరేణి జీతం నెల మొదట్లో పడుతుంది, పర్మినెంటు కార్మికుల ఇళ్లలో నెల సరుకు ఆ వారంలోనే కొంటారు, దసరా ముందు లాభాల వాటా వస్తుంది. కాంట్రాక్టు కార్మికుల పద్దు వేరు, వాళ్ల జీతం ఏ రోజు పడుతుందో వాళ్లకే తెలియదు. నర్సంపేటలో జూన్ వచ్చిందంటే ఇంట్లో ఉన్న డబ్బంతా విత్తనాలకు, ఎరువులకు, పిల్లల ఫీజులకు పోతుంది. మళ్లీ చేతికి డబ్బు వచ్చేది పత్తి ఏరి అమ్మాకే. అదీ అక్టోబరులో వాన పడకపోతే. తేమ 12 శాతం దాటితే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనదు, రైతు పత్తిని ఇంట్లో ఆరబెట్టుకుని కూర్చుంటాడు, మన బాకీ కూడా దానితో పాటే ఆరుతుంది.

ఇంత తేడా తెలిసి కూడా 2024 జూలైలో నేను హనుమకొండలో ఫ్యాను కింద కూర్చుని మూడు దుకాణాలకూ ఒకే ఆదేశం పంపాను: కొనుగోళ్లు 30 శాతం తగ్గించండి, ఉద్దెర పూర్తిగా ఆపండి. భూపాలపల్లిలో ఆగస్టు మొదటి వారం జీతాలు పడేసరికి కందిపప్పు, నూనె అరలు ఖాళీ. నర్సంపేటలో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. ఉద్దెర లేదనేసరికి పాత బాకీ ఉన్నవాళ్లు మా దుకాణం ముందు నుంచి నడవడమే మానేశారు. వెనక సందులోంచి తిరిగి వేరే కొట్టుకు పోయారు. ఆ కొట్టులో నగదు ఇచ్చి కొన్నారు. అంటే నగదు ఉంది, మా దగ్గరికి రావడానికి ముఖం చెల్లలేదు. బాకీ రాలేదు, నగదు గిరాకీ కూడా పోయింది.

నర్సంపేట దుకాణం చూసుకునే అక్క ఆ ఆదేశం అందిన రోజే ఫోను చేసింది. "అన్నా, అందరికీ ఆపితే అందరూ పోతారు. ఎవరికి ఆపాలో నాకు వదిలెయ్యండి" అంది. నేను వినలేదు. లెక్కల్లో వచ్చిన నష్టం కంటే ఆ మాట వినకపోవడమే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఏవి మేనేజర్ల చేతికి ఇవ్వాలి

ఆషాఢానికి ముందే ఒక్కో దుకాణానికీ మీరే వెళ్లండి. మేనేజర్లందరినీ మీ ఊరికి పిలిపించి టీ తాగించి పంపితే లాభం లేదు. అక్కడ, గల్లా పక్కన స్టూలు మీద, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా కూర్చోండి. ఎవరు ఏం అడుగుతున్నారో, ఏం పట్టుకుని చూసి మళ్లీ అరలో పెట్టేస్తున్నారో కనిపిస్తుంది. చేతిలో డబ్బు తగ్గినప్పుడు జనం కొనడం ఒక్కసారిగా ఆపరు, ప్యాకెట్టు చిన్నది చేసుకుంటారు. ఐదు లీటర్ల నూనె డబ్బా కొనే ఇల్లు లీటరు ప్యాకెట్టుకు దిగుతుంది, తరువాత అర లీటరు అడుగుతుంది. నెలాఖరు మొత్తాల్లో ఈ మార్పు నెల ఆలస్యంగా బయటపడుతుంది. గల్లా దగ్గర మూడో రోజే తెలుస్తుంది.

నర్సంపేట అక్క దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. దాన్ని మేం 'లేదన్న పుస్తకం' అంటాం. ఎవరైనా ఏదైనా అడిగి, మన వాళ్లు "లేదు" అన్న ప్రతిసారీ అందులో ఒక గీత పడుతుంది. రెండు రూపాయల బాల్‌పెన్నును ఆ పుస్తకానికి దారంతో కట్టి ఉంచింది, ఎవరూ జేబులో వేసుకుపోకుండా. ఒక జూలై పేజీ నాకు బాగా గుర్తు: టార్పాలిన్ అని రాసి పక్కన పదకొండు గీతలు, అర లీటరు నూనె తొమ్మిది, పురికొస నాలుగు. అదే వారం నేను హనుమకొండ నుంచి హాస్టలు పిల్లల కోసం తెప్పించిన ప్లాస్టిక్ బకెట్లు నలభై అక్కడికి పంపాను. ఆ బకెట్లలో కొన్ని ఇంకా ఉన్నాయి. మీరు ఈ వ్యాసంలో ఒక్కటే పాటిస్తానంటే, ఈ పుస్తకం పెట్టించండి. ఖర్చు నలభై రూపాయలు.

సరుకు ఆర్డరు మేనేజరే పెట్టాలి, మొత్తానికి మాత్రం హద్దు మీరు గీయాలి. మేం పెట్టుకున్న హద్దు ఇది: మందకొడి నెలల్లో ఒక వారం కొనుగోలు, ముందు వారం అమ్మకంలో 80 శాతం దాటకూడదు. ఆ డబ్బుతో ఏం కొనాలన్నది వాళ్ల ఇష్టం. భూపాలపల్లికి మాత్రం నెలాఖరు వారం ఈ హద్దు వర్తించదు, జీతాల వారానికి అరలు నిండాలి. ఇక డిస్ట్రిబ్యూటర్ల స్కీములు. నెలాఖరుకు టార్గెట్ నిండక సేల్స్‌మన్ వచ్చి, పది పెట్టెలకు ఒకటి ఉచితం అంటాడు. అలాంటి మాటకు మేనేజర్ల కంటే యజమానులే తొందరగా పడిపోతారు, నాతో సహా. మా భూపాలపల్లి మేనేజరు అయితే, "పది అమ్మడానికి ఎన్నాళ్లు పడుతుందో మీరే చెప్పండి" అని సేల్స్‌మన్‌నే ఎదురు అడుగుతాడు.

ఉద్దెర సంగతి. ఊళ్లో ఎవరి మిర్చి అమ్ముడుపోయింది, ఎవరిది వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోయి ధర నచ్చక కోల్డ్ స్టోరేజీలో ఆగింది, ఎవరిది కౌలు సేను, ఎవరింట్లో ఆసుపత్రి ఖర్చు వచ్చింది, ఇవి హనుమకొండలో కూర్చున్న నాకు ఏ కంప్యూటరూ చెప్పదు. 2025లో మిర్చి ధర పడినప్పుడు ఒకే వీధిలో ఒకరికి ఉద్దెర పెంచి, పక్కింటికి తగ్గించింది మా అక్క. పక్కింటాయన నాకు ఫోను చేసి గొడవ పెట్టుకున్నాడు. నేను ఆమె మాట మీదే నిలబడ్డాను, 2024 పాఠం అప్పటికి బుర్రకెక్కింది కనుక. మా పద్ధతి: ఇంటికి 2,000 రూపాయల దాకా మేనేజరు ఇష్టం, 4,000 దాకా ఇవ్వాలంటే కారణం పుస్తకంలో రాయాలి, అంతకు మించితే నాకు ఫోను. దుకాణం మొత్తం ఉద్దెర పది రోజుల అమ్మకాన్ని దాటకూడదు. సరుకు ఇచ్చిన ప్రతిసారీ కొనేవాళ్ల చిన్న పుస్తకంలోనూ రాసి ఇవ్వాలి. బాకీదారుల పేర్లు గోడకు అంటించడం, వాట్సాప్ గ్రూపులో పెట్టడం పొరపాటున కూడా చేయకండి. ఆ డబ్బూ రాదు, ఆ మనిషీ రాడు, అతని బావమరిది కూడా రాడు.

పాత సరుకు ధర తగ్గించే అధికారం కూడా అక్కడే ఉండాలి. ముద్రించిన ఎంఆర్‌పీ కంటే ఎక్కువకు అమ్మితే నేరం, తక్కువకు అమ్మితే ఎవరూ అడగరు. గడువు తేదీకి 45 రోజులుండగా కొద్దిగా, 20 రోజులుండగా సగానికి తగ్గించమని మా వాళ్లకు చెప్పాం. తేదీ దాటిన తినే వస్తువు ఎంత మంచిగా కనిపించినా అరలోంచి తీసి, పారేసే ముందు రాసి పెట్టాలి. ఏ కంపెనీ సరుకు వెనక్కి తీసుకుంటుంది, గడువుకు ఎన్ని రోజుల ముందు తీసుకుంటుంది అన్నది జూన్‌లోనే డిస్ట్రిబ్యూటరు చేత రాయించుకోండి. సెప్టెంబరులో అడిగితే అతను ఫోను ఎత్తడు.

పనివాళ్లను తీసేయడం గురించి ఒక్క మాట. ఆషాఢంలో తీసేసిన మనిషి బతుకమ్మకు దొరకడు, దొరికినా ఎదుటి కొట్టులో ఉంటాడు.

ఏవి ఇవ్వకూడదు

అన్నీ వాళ్లకే వదిలేయమని నేను అనడం లేదు. గల్లా డబ్బు ఏ రోజుకారోజు బ్యాంకులో పడాలి, యూపీఐ కోడ్ దుకాణం ఖాతాదే అయి ఉండాలి. కొత్త డిస్ట్రిబ్యూటరును చేర్చుకోవడం, తమ చుట్టాలకు ఉద్దెర ఇవ్వడం మా అనుమతి లేకుండా కుదరదు. ప్రతి బుధవారం నేను నోటికొచ్చిన పది వస్తువుల పేర్లు ఫోనులో చెబుతాను, వాళ్లు లెక్కపెట్టి ఫోటో పంపాలి. మొదట్లో వాళ్లకిది అవమానంగా అనిపించింది. ఒకసారి చక్కెర బస్తా ఒకటి తేలలేదు, వెతికితే అది డిస్ట్రిబ్యూటరు ఆటోలోంచే దిగలేదని తెలిసింది. అప్పటి నుంచి వాళ్లే బుధవారం కోసం చూస్తారు, దిగుమతి వేళ బస్తాలు లెక్కపెడతారు.

వాన

సరుకు తగ్గించాలనే ఈ రోజుల్లోనే వాన కోసం కొంత సరుకు ఎక్కువ ఉంచుకోవాలి. ఇది పైనుంచి చెబితే అర్థం కాదు, అక్కడి వాళ్లకే తెలుస్తుంది. 2023 జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల వాన లెక్క 649.8 మిల్లీమీటర్లని తేలింది. అదే తెల్లవారుజామున మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగింది, భూపాలపల్లి దారి తెగింది. మా మేనేజరు ఎవరినీ అడగకుండా పాలపొడి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు ఇంటికి రెండు చొప్పునే ఇచ్చాడు, ధర పైసా పెంచలేదు. ఇప్పుడు జూలై మొదటికి పది రోజుల ఉప్పు, పప్పు, నూనె, పాలపొడి అక్కడ ఉండి తీరాలన్నది అతని నియమం. 80 శాతం హద్దు దీనికీ వర్తించదు.

హనుమకొండలో వరదలు చూసిన నయీంనగర్ నాలా చుట్టుపక్కల దుకాణాలున్నవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు, వాళ్లకే బాగా తెలుసు. మిగతావాళ్లు గోదాములో బస్తాలు నేల మీద పెట్టకుండా రెండు అడుగుల ఎత్తున చెక్క బల్లల మీద పెట్టించండి. కరెంటు మీటరు, ఇన్వర్టరు ఎంత ఎత్తులో ఉన్నాయో చూడండి. బిల్లులు, ఉద్దెర పుస్తకం పైఅరలో ఉండాలి. తడిసిన బియ్యం పోతే పోయాయి, తడిసిన ఉద్దెర పుస్తకం ఇంకా ఖరీదు.

తాళంచెవుల సంగతి కూడా ముందే తేల్చుకోండి. ఆ 2023 రాత్రి మా హనుమకొండ గోదాము తాళంచెవి నా దగ్గర ఉంది, నేను కరీంనగర్‌లో ఉన్నాను, ఫోను కలవలేదు. నీళ్లు వీధిలోకి రాగానే మేనేజరు పక్క టైర్ల షాపులోంచి రాడ్డు తెచ్చి తాళం పగలగొట్టి, ఇద్దరు కుర్రాళ్లతో బియ్యం బస్తాలన్నీ మెట్ల మీదికి ఎక్కించాడు. పొద్దున ఫోను కలిశాక అతను ముందు చెప్పింది సరుకు సంగతి కాదు, తాళం విరగ్గొట్టినందుకు ఏమీ అనుకోవద్దని. కొత్త తాళానికి రెండు చెవులున్నాయి. రెండూ అతని దగ్గరే ఉన్నాయి.