ఇంట్లోనే అమెరికానో: కాంపారీ, వెర్మూత్, బాగా చల్లబడ్డ సోడా

అమెరికానో చేయడానికి షేకర్ అక్కర్లేదు, బార్ సామాను అక్కర్లేదు. కాంపారీ (చేదుగా ఉండే ఎర్రటి మద్యం), ఎర్ర వెర్మూత్ (మూలికలు వేసిన తీపి వైన్), సోడా, ఐస్, ఒక కమలాపండు ఉంటే చాలు. పేరు చూసి కాఫీ అనుకునేరు. ఇటలీవాళ్లు రాత్రి భోజనానికి ముందు, ఆకలి పుట్టడానికి తాగే డ్రింక్ ఇది. కాస్త చేదు, కాస్త తీపి.

కాంపారీ మిలాన్ పేరు మోసిన సరుకు. గాస్పరే కాంపారీ 1860లో నొవారాలో దాన్ని తయారు చేశాడు, ఆ తర్వాత మిలాన్‌లో కేఫ్ పెట్టాడు. వెర్మూత్ మాత్రం నేనుండే టురిన్‌ది. ఆంతోనియో కార్పానో 1786లో ఇక్కడే అమ్మకం మొదలుపెట్టాడు. ఈ రెండూ సమంగా కలిపితే ఆ రెండు ఊళ్ల పేర్లతోనే మిలానో-తొరీనో అనే డ్రింక్, దానికి సోడా చేరిస్తే అమెరికానో. సోడా బదులు జిన్ పోస్తే నెగ్రోనీ అనే ఇంకో డ్రింక్ అవుతుంది. అది బాగా ఘాటు, మొదటిసారి తాగేవాళ్లకు నేను ఇవ్వను.

ముందుగా వెర్మూత్ సంగతి చూడాలి, ఎందుకంటే ఈ డ్రింక్ ఎక్కువగా చెడేది దానివల్లే. వెర్మూత్ అంటే మూలికలు, చక్కెర, కొంచెం స్పిరిట్ కలిపిన వైన్. అందులో తప్పకుండా పడే మూలిక మన వినాయక చవితి పత్రిలోని మాచిపత్రికి దగ్గరి చుట్టం. ఎంతైనా వైనే కాబట్టి మూత తీశాక పాడవుతుంది. విస్కీ పక్కన షోకేసులో నెలల తరబడి నిలబెట్టకండి. తీసిన రోజు నుంచే ఫ్రిజ్‌లో పెట్టి, నెలా నెలన్నరలో ఖాళీ చేయండి. పోసేముందు ఓసారి వాసన చూడండి. మూలికల ఘుమఘుమ పోయి, వెనిగర్‌లా పుల్లటి వాసన తగిలితే ఇక వాడొద్దు. చిన్న సీసా దొరికితే అదే కొనండి. కాంపారీకి ఈ బెంగ లేదు, బయటే ఉంచొచ్చు.

సోడా రాత్రే ఫ్రిజ్‌లో పడేయండి. తీపి, ఉప్పు ఏమీ లేని ప్లెయిన్ సోడానే వాడాలి, టానిక్ వాటర్ వద్దు. గది వేడిలో ఉన్న సోడా పోస్తే గ్యాస్ పొంగి పోతుంది, ఐస్ కరిగి గ్లాసంతా నీళ్లవుతుంది. ఐస్ ట్రేకి మూత ఉండాలి. మన ఫ్రీజర్లలో చేపలు, అల్లంవెల్లుల్లి ముద్ద, కొబ్బరి కోరు అన్నీ ఉంటాయి, మూత లేకపోతే ఆ వాసనలన్నీ ఐస్‌కి పట్టేస్తాయి.

ఇక కలపడం. పొడుగాటి గ్లాసు నిండా పెద్ద ఐస్ ముక్కలు వేయండి. రెండు మూడు ముక్కలతో సరిపెట్టొద్దు, ఐస్ తక్కువైతేనే తొందరగా కరుగుతుంది. చిన్న పెగ్గు, అంటే 30 మి.లీ. కాంపారీ, అంతే వెర్మూత్ పోసి, గ్లాసు బయట చెమ్మ పట్టేదాకా చెంచాతో తిప్పండి. తర్వాత గ్లాసు వంచి, అంచు వెంబడి 90 మి.లీ. సోడా నెమ్మదిగా పోయండి. చెంచా అడుగుదాకా దించి ఒక్కసారి పైకి లేపితే చాలు, గిలకొడితే గ్యాస్ పోతుంది.

కమలా తొక్కను బొటనవేలంత ముక్క కోసి, రంగు వైపు గ్లాసు మీదికి తిప్పి మడిచి నొక్కండి. సన్నటి తుంపర పడి, డ్రింక్ పైన నూనె మెరుస్తూ పరుచుకుంటుంది. మొదటి గుక్కకి ముందే ముక్కుకి తగిలేది ఆ వాసనే. దీన్ని మాత్రం మానేయకండి. ఒక అరచక్రం పండు ముక్క కూడా లోపల వేయండి.

హైదరాబాద్ నుంచి వచ్చిన మా తోడల్లుడికి ఆ చేదు అస్సలు పడలేదు. ఆయనకి కాంపారీ 20, వెర్మూత్ 40 చేసి ఇచ్చాను, హాయిగా తాగారు. మీ ఇంట్లో కూడా చేదంటే మొహం ముడిచేవాళ్లకి అలాగే చేయండి. చక్కెర మాత్రం కలపొద్దు.

పక్కన ఉప్పగా ఏదైనా ఉండాలి. ఇక్కడ ఆలివ్‌లు, గ్రిస్సీనీ (కరకరలాడే సన్నటి బ్రెడ్ పుల్లలు) పెడతారు. మా ఇంట్లో చెక్కలు, వేయించిన పల్లీలు. ఉప్పు తగిలాక చేదు మెత్తబడుతుంది. తేలిగ్గా దిగుతుంది కదా అని వరసగా తాగొద్దు, పై కొలతతో చేస్తే సుమారు 8 శాతం ఆల్కహాల్ ఉంటుంది, స్ట్రాంగ్ బీరంత. బండి తీయాల్సినవాళ్లకీ, మందు ముట్టనివాళ్లకీ క్రొదీనో గానీ సాన్‌బిట్టెర్ గానీ (రెండూ ఆల్కహాల్ లేని, కాస్త చేదుగా ఉండే గ్యాస్ డ్రింకులు) ఇదే గ్లాసులో, ఇంతే ఐస్‌తో, కమలా తొక్కతో ఇవ్వండి.