తెల్లకొంగ ఫొటోలో సున్నం ముద్దలా పడుతుంటే

నెల్లూరు చుట్టుపక్కల కొత్తగా ఫొటోలు తీసేవాళ్ళు ఎక్కువగా అడిగేవి ఈ నాలుగే. వీటిలో దేనికీ కొత్త కెమెరా అక్కర్లేదు.

సమస్య: వరిచేలో తెల్లకొంగ. ఈకలు కనపడవు, సున్నం ముద్దలా ఉంది.

కారణం: కెమెరా ఫ్రేమంతా చూసి వెలుగును సగటు కడుతుంది. చుట్టూ ముదురు పచ్చ ఉంటే చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది. ఆ పెంపు కొంగ మీద పడి ఈకల గీతలు చెరిగిపోతాయి. పూర్తిగా చెరిగిపోతే ఎడిటింగ్‌లోనూ తిరిగి రావు.

పరిష్కారం: ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచుకున్న వెలుగును మనం పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 1 దగ్గర మొదలుపెట్టి, స్క్రీన్ మీద ఈకలు చూసుకుంటూ సరిచేసుకోండి. ఫోన్ అయితే కొంగ మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. మాన్యువల్‌లో తీసేవాళ్ళు మంచి ఎండలో ఐఎస్ఓ 400, ఎఫ్ 8, షట్టర్ 1/3200 పెట్టి చూడండి. చేను నల్లబడుతుంది, పడనివ్వండి. ఆ నలుపు వల్లే కొంగ తెలుపు కంటికి ఆనుతుంది. మైపాడు తీరాన తెల్లటి ఆకాశం ముందు ఎగిరే పక్షికి మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ ప్లస్ 1 పెట్టాలి.

సమస్య: పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు నీళ్ళలో కరిగిపోతున్నట్టు వస్తున్నాయి, ఫోకస్ కుదరదు.

ఇది చూసి లెన్స్ పాడైందని నేను రెండుసార్లు రిపేరుకిచ్చాను. లెన్స్‌లో ఏ లోపమూ లేదు. పొద్దెక్కాక బురదనేల వేడెక్కి, దాని మీది గాలి పొరలు పొరలుగా కదులుతుంది. ఒక్కో పొర వెలుగును ఒక్కోలా వంచుతుంది. జూమ్ పెంచేకొద్దీ ఆ వంకరే పెద్దదై కనిపిస్తుంది. తెల్లవారుజామునే చేరుకుని, ఎండ ముదిరేలోపు తీసేయండి.

దగ్గరికి నడిచి వెళ్ళడం మాత్రం పరిష్కారం కాదు. గుంపు లేచిపోతుంది, మేత ఆగిపోతుంది. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో నీటికడప చెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతుల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తల్లి లేచిందంటే పిల్లలు ఎండకూ కాకులకూ దొరికిపోతాయి. ఒక్క ఫొటో కోసం ఆ పని చేయకండి. పక్షి దూరంగా ఉంటే దూరంగానే తీయండి. కింద సన్నటి గులాబీ గీత, పైన బోలెడంత ఆకాశం. నాకైతే ముక్కూ కన్నూ నింపిన ఫొటో కంటే అదే ఇష్టం.

సమస్య: మైపాడులో కారు దిగి తీస్తే అంతా పొగమంచు.

ఏసీలో చల్లబడిన లెన్స్ మీద సముద్రపు తేమ పట్టడమే కారణం. తుడవొద్దు. చేరడానికి అరగంట ముందే ఏసీ ఆపేయండి. దిగాక కాసేపటి వరకూ బ్యాగు జిప్పు తీయకండి.

సమస్య: ఫొటోలో తప్పేమీ లేదు, కానీ చూస్తే ఏమీ అనిపించట్లేదు.

నిలబడ్డ చోటి నుంచే, పక్షిని నడిమధ్యలో పెట్టి నొక్కేశారు. మీరు అక్కడ ఎందుకు ఆగారో ఫొటోలో లేదు. పెన్న ఇసుకలో గేదె, దాని కాళ్ళ పక్కనే కొంగ. మిమ్మల్ని ఆపింది కొంగ తెలుపా, గేదె అడుగుకు తగ్గట్టు అది వేసే అడుగా? ఆ ఒక్కటీ తేల్చుకున్నాకే కెమెరా ఎత్తండి. అడుగే అయితే గేదె తల ఫ్రేములో లేకపోయినా పర్వాలేదు. ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని, షట్టర్ 1/30 పెట్టి, నడకతోపాటు కెమెరాను తిప్పండి. ఇరవైలో ఒకటి కుదిరినా ఆ పొద్దుటికి చాలు.