డిజిటల్ బొమ్మ ఎక్కడ తేడా కొడుతోంది? పెన్సిల్‌తో కనిపెట్టే పద్ధతి

గంటల తరబడి కూర్చున్నా బొమ్మ అనుకున్నట్టు రావట్లేదంటే చాలామంది ముందు బ్రష్‌లు మారుస్తారు, తర్వాత యాప్ మారుస్తారు, చివరికి ట్యాబ్లెట్టే మార్చేస్తారు. సలహా అడిగిన వాళ్లందరికీ నేను మొదట చెప్పేది ఒక్కటే. అదే బొమ్మను తెల్లకాగితం మీద మామూలు హెచ్‌బీ పెన్సిల్‌తో వేయండి. కాగితం మీద బాగా వచ్చి స్క్రీన్ మీద రాకపోతే లోపం పరికరంలోనో సెట్టింగ్‌లోనో ఉంది. కాగితం మీదా అదే తప్పు వస్తే లోపం చేతిలోనో చూపులోనో ఉంది, దాన్ని ఏ బ్రష్ ప్యాకూ బాగుచేయలేదు. ఈ పరీక్ష చేశాకే కింద మీకు వర్తించే సమస్య దగ్గరికి వెళ్లండి.

సమస్య: గీత వణుకుతోంది, ముక్కలు ముక్కలుగా వస్తోంది

అందరికంటే ఎక్కువగా వినిపించే బాధ ఇదే. ముందు పరికరం సంగతి తేల్చుకుందాం. ట్యాబ్లెట్ మీద స్కేలు ఏటవాలుగా పెట్టి, దాని అంచున స్టైలస్‌ను చాలా నెమ్మదిగా లాగండి. స్కేలు ఆసరా ఉన్నా గీత అలలు అలలుగా వస్తే అది ట్యాబ్లెట్ జిట్టర్, మీ చెయ్యి కాదు. గుండ్రంగా గీసిన సున్నా స్క్రీన్ మీద కాస్త సాగినట్టు కనిపిస్తే డ్రైవర్‌లో (ట్యాబ్లెట్‌ను కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్‌లో) మ్యాపింగ్, అంటే ట్యాబ్లెట్‌లో ఏ భాగం స్క్రీన్‌లో ఏ భాగానికి కలిసిందో చూడండి. 16:10 ట్యాబ్లెట్ మొత్తాన్ని 16:9 మానిటర్‌కు కలిపితే నిలువు, అడ్డం కొలతలు సరిపోవు. నిష్పత్తి కలిపే ఆప్షన్ డ్రైవర్‌లోనే ఉంటుంది, ఆన్ చేస్తే సరి. నొక్కి గీస్తే తప్ప గీత లావెక్కట్లేదంటే ప్రెషర్ సెట్టింగ్ మెత్తగా చేయండి. గట్టిగా నొక్కే చెయ్యి త్వరగా అలిసిపోయి వణుకుతుంది.

ఇవన్నీ బాగానే ఉన్నాయా? అయితే కారణం మణికట్టు. చిన్నప్పటి నుంచి రాసే అలవాటు కొద్దీ మణికట్టును బల్లకు ఆనించి గీస్తాం. అలా ఆనిస్తే చిన్న వంపు వరకే చెయ్యి తిరుగుతుంది. పెద్ద గీత కావాలంటే చిన్న చిన్న గీతలు అతికించాల్సిందే. గాజు మీద నిబ్బు జారడం దీనికి తోడు. ఇక్కడే అందరూ స్టెబిలైజర్ (గీతను నిలకడగా ఉంచే సెట్టింగ్) పెంచేస్తారు. ప్రొక్రియేట్‌లో స్ట్రీమ్‌లైన్ అన్నా, ఫోటోషాప్‌లో స్మూతింగ్ అన్నా అది చేసేది వణుకును నునుపు చేయడం మాత్రమే. గీత ఎటు వెళ్లాలో అది చెప్పదు. బాగా పెంచితే గీత చేతి వెనకాల ఆలస్యంగా వస్తుంది, పదునుగా ఉండాల్సిన మూలలు గుండ్రబడతాయి.

పరిష్కారం పాత దినపత్రికలు. ఒకటి గోడకు అంటించి, నిలబడి గీయండి. నిలబడితే మణికట్టు ఆనించడానికి చోటుండదు, భుజం కదిలి తీరాలి. రెండు చుక్కలు పెట్టండి. పెన్ను ఆనించకుండా గాలిలోనే ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు రెండు మూడుసార్లు చెయ్యి ఆడించి, అప్పుడు ఒక్క ఊపులో గీయండి. నిటారు గీతలయ్యాక వంపులు, వంపులయ్యాక కోలగా ఉండే వృత్తాలు. దీనికి పెన్సిల్ వద్దు, స్కెచ్‌పెన్ వాడండి. చెరిపే వీలు ఉండకూడదు.

అన్‌డూ అలవాటు గురించి ఇక్కడే చెప్పాలి. గీత పూర్తి కాకముందే దాన్ని వెనక్కి తీసుకోవడానికి రెండు వేళ్లు స్క్రీన్ మీద తడతాయి. ఇరవై సార్లు గీసి ఒకటి ఉంచుకుంటే గీత దొరుకుతుంది కానీ చెయ్యి నేర్చుకోదు. శ్రీకాళహస్తి కలంకారీ పనిని గమనించండి. చింతపుల్లల బొగ్గుతో బట్ట మీద ఆకారం గీసుకుని, తర్వాత వెదురు కలంతో నల్లరంగు గీత దించుతారు. ఆ నలుపు బట్టలో ఇంకాక వెనక్కి తీసుకోలేరు. కాబట్టి కలం ఆనకముందే గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తేల్చుకుని ఉండాలి. కాగితం మీద పెన్నుతో మనం సాధన చేసేది కూడా ఆ తేల్చుకోవడాన్నే.

సమస్య: కాన్వాస్‌ను అద్దంలోలా తిప్పగానే ముఖం వంకరగా కనిపిస్తోంది

చూసీ చూసీ కన్ను తప్పుకు అలవాటు పడిపోతుంది. పైగా డిజిటల్‌లో ఒక కన్ను దగ్గరికి జూమ్ చేసి, కనురెప్పల వెంట్రుకలు కూడా పూర్తి చేశాకే రెండో కంటికి వెళ్తాం. అప్పటికి తల ఎటు వాలిందో మర్చిపోయి ఉంటాం. ఇంకో కారణం ఎవరూ పట్టించుకోనిది. డిస్‌ప్లే ట్యాబ్లెట్‌ను (స్క్రీన్ మీదే గీసే రకాన్ని) బల్ల మీద పడుకోబెట్టి గీస్తే దాని పైభాగం కంటికి దూరమై కుదించినట్టు కనిపిస్తుంది. దాన్ని సరిచేస్తున్నామనుకుని మనం తలను సాగదీస్తాం. స్టాండ్ మీద వాలుగా నిలబెడితే ఇది తగ్గిపోతుంది.

మిగతాది కాగితం మీద నేర్చుకోవాల్సిందే. చెయ్యి బారుగా చాచి, ఒక కన్ను మూసి, ఎదురుగా కూర్చున్న మనిషి తలను పెన్సిల్‌తో కొలవండి. నడినెత్తి నుంచి గడ్డం దాకా ఉన్న పొడవులో కళ్లు దాదాపు సగంలో ఉంటాయి. కొత్తవాళ్లు బాగా పైకి పెట్టేస్తారు. గీశాక కాగితాన్ని వెనక్కి తిప్పి కిటికీ వెలుతురుకు పట్టి చూడండి, తప్పు వెంటనే దొరుకుతుంది. స్క్రీన్ మీద మొదటి పది నిమిషాలు జూమ్ ముట్టుకోకండి. క్రిటా యాప్‌లో కీబోర్డు మీద ఎం నొక్కితే బొమ్మ అద్దంలోలా తిరుగుతుంది, చివర్లో కాకుండా మొదటి నుంచీ నొక్కుతుండండి.

సమస్య: మనిషి బొమ్మ బిగుసుకుపోయి నిలబడుతోంది

కారణం ఒకటే. అంచుగీతతో మొదలుపెడుతున్నారు. శరీరం బరువు ఏ కాలి మీద పడింది, నడుము ఎటు వంగింది అన్నది తేలకుండా చొక్కా గుండీలు వేస్తున్నారు.

ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను తీసుకుని రైతుబజారుకు వెళ్లండి. ఒక్కో బొమ్మకు ముప్ఫై సెకన్లు, అంతకంటే వద్దు. ఆకుకూరలు అమ్మే ఆవిడను చూడండి. ఒక మోకాలు పైకి లేపి దాని మీద మోచెయ్యి ఆనించి కూర్చుంటుంది, బరువంతా రెండో తుంటి మీద ఉంటుంది. తక్కెడ ఎత్తగానే ఆ వైపు భుజం లేస్తుంది, తల ఇటు వాలుతుంది. ముందు గీయాల్సింది ఆ తల నుంచి తుంటి దాకా పోయే వంపును. చీర, గాజులు, ముఖం ఏవీ అక్కర్లేదు. ఎదుటివాళ్లు గమనించి ఇబ్బంది పడితే మాత్రం నోట్‌బుక్ మూసేయండి. బాపు బొమ్మ ఒకటి ముందు పెట్టుకుని మెడ నుంచి పాదం దాకా గీత వెంటే వేలు పోనివ్వండి, ఎంత తక్కువ గీతలతో పని జరిగిందో వేలికే తెలుస్తుంది.

సమస్య: రంగులు మురికిగా, చప్పగా ఉన్నాయి

రంగును అనుమానించకండి, వెలుగునీడలను అనుమానించండి. బొమ్మ పైన ఒక లేయర్ (పొర) వేసి నలుపు నింపి, దాని బ్లెండ్ మోడ్‌ను (కింది బొమ్మతో కలిసే తీరును) కలర్‌లో పెట్టండి. బొమ్మంతా నలుపు తెలుపుల్లోకి మారుతుంది. అందులో ముఖం, వెనక గోడ ఒకే బూడిదరంగులో కలిసిపోయాయంటే జబ్బు దొరికినట్టే.

దీనికి మందు ఒక వంకాయ. నిగనిగలాడే నల్ల వంకాయను బల్ల మీద పెట్టి, ఒక్క లైటు మాత్రం వేసి, 2బీ, 6బీ పెన్సిళ్లతో గీయండి. దాని మీద మెరిసే తెల్లమచ్చ అంచులు ఎంత పదునుగా ఉంటాయో చూడండి. కింది అంచున, నీడలో, బల్ల నుంచి తిరిగి వచ్చిన సన్నటి వెలుగు ఉంటుంది. చాలామంది దాన్ని మరీ తెల్లగా వేస్తారు. వెలుగు పడ్డ భాగంతో పోలిస్తే అది ముదురే. కాయ బల్లను తాకే చోట నీడ అన్నిటికంటే నల్లగా ఉంటుంది. ఈ మూడూ ఐదే ఐదు ఛాయల్లో వేయగలిగితే తర్వాత ఏ రంగు వాడినా బొమ్మ నిలబడుతుంది. నీడంటే నలుపు కలపడం, వెలుగంటే తెలుపు కలపడం అన్న అలవాటు కూడా అప్పుడే వదులుతుంది.

సమస్య: చేతులు జేబుల్లో దాచేస్తున్నాను

ఎడమ చెయ్యి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, దాన్నే గీయండి. ముందు అరచేతిని పెట్టెలా, తర్వాత వేళ్లను మూడు ముక్కలుగా. గోళ్లు చివర్లో.

సమస్య: రిఫరెన్స్ లేకపోతే ఏమీ రావట్లేదు

ఫోటో మీద లేయర్ వేసి గీయడంతో సరిపెట్టుకుంటే ఆకారం బుర్రలోకి ఎక్కదు. వస్తువును రెండు నిమిషాలు చూడండి, పక్కన పెట్టేయండి, గుర్తున్నంత గీయండి, మళ్లీ తెచ్చి పోల్చండి. తప్పులను వేరే రంగు పెన్నుతో దిద్దండి. రిఫరెన్స్ వాడటం తప్పేమీ కాదు, దాన్ని చదవడం రావాలి.

సమస్య: రోజూ గీస్తున్నా మార్పు లేదు

బాగా వచ్చిందే మళ్లీ మళ్లీ గీస్తున్నారేమో చూసుకోండి. పాత బొమ్మలు పది తీసి పక్కపక్కన పెడితే అన్నిట్లో ఒకే తప్పు కనిపిస్తుంది. వారం పాటు దాని మీదే పని చేయండి, రోజుకు ఇరవై నిమిషాలు కాగితం మీద, వెంటనే అదే అంశం ట్యాబ్లెట్ మీద. రెంటికీ మధ్య రోజులు గడిచిపోతే కాగితం మీద వచ్చింది స్క్రీన్ మీదికి రాదు. పెన్సిల్ బొమ్మను ఫోటో తీసి, ఒపాసిటీ తగ్గించి మసకగా చేసి, పైన కొత్త లేయర్‌లో లైన్‌ఆర్ట్ (తుది గీతలు) వేయడం ఈ రెంటినీ కలపడానికి మంచి దారి. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, రాత్రిళ్లు మణికట్టు నొప్పి పుడుతున్నా మాత్రం కాగితం, ట్యాబ్లెట్ రెండూ పక్కన పెట్టి డాక్టర్‌కు చూపించుకోండి.