సైన్స్ ఫిక్షన్ గేములో ఆయుధం కథకూ ఆటకూ పొంతన కుదర్చడం ఎలా

ఆయుధానికి కథ రాయడానికి కూర్చునే ముందు, దాన్ని పట్టుకున్న ఆటగాడికి ఎదురయ్యేవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్ని తూటాలకు ఒకసారి రీలోడ్ చేస్తాడు, ఎంత దూరం దాటితే గురి తప్పుతుంది, శత్రువు ఎన్ని దెబ్బలకు పడిపోతాడు. వీటిలో ప్రతిదానికీ కథాలోకంలో ఒక కారణం ఉండాలి. అది దొరకని చోట నేనైతే కథనే మారుస్తాను, ఎందుకంటే ఆట సమతూకం ఎన్నో పరీక్షల తరువాత గానీ కుదరదు, కథ ఒక్క పేరాతో మారిపోతుంది.

ఆట నియమం మధ్యలో మారినప్పుడే అసలు చిక్కు వస్తుంది. 2007 నాటి మాస్ ఎఫెక్ట్ గేములో తుపాకులు లోహపు దిమ్మ నుంచి చిన్న రేణువును కోసి విసురుతాయి కాబట్టి తూటాలు అయిపోయే ప్రసక్తే లేదు. వేడెక్కితే కాసేపు ఆగితే చాలు. 2010లో వచ్చిన రెండో భాగంలో వేడిని పీల్చుకొని బయటపడే థర్మల్ క్లిప్పులను తెచ్చి, గెత్ అనే యంత్రజాతితో జరిగిన పోరులో ఎక్కువ తూటాలు కాల్చగలిగిన పక్షానిదే పైచేయి అని తేలడమే ఇందుకు కారణమన్నారు. కారణం బాగానే ఉంది. అయితే క్లిప్పులు అయిపోయిన తుపాకీ పాత పద్ధతిలో తనంతట తానే ఎందుకు చల్లారదు? అంతకన్నా ఇబ్బందికరమైనది జేకబ్ అనే సహచరుడి మిషన్: ఓడ కూలి పదేళ్లుగా బయటి లోకంతో సంబంధం లేనివారున్న గ్రహం మీద కూడా, ఈమధ్యనే పుట్టిన ఆ క్లిప్పులు దొరుకుతాయి. అందువల్ల నియమం మార్చిన రోజునే, ఆ వస్తువు ఎప్పుడు పుట్టింది, ఎవరి చేతికి ఎప్పుడు అందింది అన్నది ప్రతి మిషన్ తేదీతోనూ సరిచూసుకోండి.

కథలో అంకెలు వేస్తే లెక్క కట్టి చూడండి. సెకనుకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఒక గ్రాము తూటా శక్తి 50,000 జౌళ్లు, అంటే 7.62 మిల్లీమీటర్ల నాటో రైఫిల్ తూటాకు సుమారు 15 రెట్లు. కానీ భుజానికి తగిలే తన్ను ద్రవ్యవేగాన్ని (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది కాబట్టి అది దాదాపు రైఫిల్ తన్నంతే. కనుక మనిషి దాన్ని భుజాన పెట్టి కాల్చడం నమ్మదగినదే, అదే తూటాను మామూలు చొక్కా వేసుకున్న శత్రువు 20 సార్లు తట్టుకోవడం మాత్రం కాదు. అతనికి కంటికి కనిపించే షీల్డ్ ఇవ్వండి. అలాగే లేజర్ కాంతి వేగంతో వస్తుంది కాబట్టి, ఆటగాడు చూసి పక్కకు తప్పుకోగలిగేది లేజర్ కాదు, దానికి వేరే పేరు పెట్టండి. అంతరిక్షంలో చలి కాబట్టి తుపాకీ త్వరగా చల్లారుతుందని రాయకండి. శూన్యంలో వేడి వికిరణంగానే పోతుంది కాబట్టి నెమ్మదిగా చల్లారుతుంది.

డెడ్ స్పేస్ (2008) ఈ పనిని ముచ్చటగా చేసింది: ప్లాస్మా కట్టర్ గనుల్లో వాడే కోత పనిముట్టు, శత్రువులేమో అవయవాలు తెగితేనే త్వరగా చస్తారు. దీనికి భిన్నంగా డూమ్ 3 (2004)లో, 2145 నాటి సైనికుడు టార్చినీ తుపాకీనీ ఒకేసారి పట్టుకోలేకపోయాడు. 2012 ఎడిషన్‌లో గానీ దీపం కవచానికి ఎక్కలేదు.

చివరగా, మీ కథ చదవని ఒకరిచేత అరగంట ఆడించి, ఆ ఆయుధం ఎలా పనిచేస్తుందో రాయమనండి. వారి వివరణ మీ కథతో విభేదించిన ప్రతి వాక్యాన్నీ మొదటి కాగితంతో పోల్చి దిద్దుకోండి.