ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ పట్టేసిందని అంబులెన్స్ వాళ్ళు ఎలా గుర్తుపట్టాలి?

వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే క్లిప్పు) 99 చూపిస్తోంది, పేషెంటేమో తల పగిలిపోతోందంటూ గోడ పట్టుకుని వాంతి చేసుకుంటోంది. అంబులెన్స్‌లో పనిచేసే రోజుల్లో నేను చూసిన మొదటి కేసు ఇదే. చలికాలం, పురిటి గది, చల్లగాలి రాకుండా తలుపు కింద సందులో పాత చీర కుక్కారు, మంచం పక్కన కుంపటి, నిప్పుల మీద సాంబ్రాణి. బాలింత కదా నీరసం అనుకున్నా, బీపీ చూశా, షుగర్ చూశా, రెండూ బానే ఉన్నాయి. పక్కన కూర్చున్న వాళ్ళమ్మ "నాకూ పొద్దున్నించి తల దిమ్ముగానే ఉంది బాబూ" అన్నాక గానీ నాకు వెలగలేదు. వెంటనే పసిపిల్లతో సహా అందర్నీ వరండాలోకి తెచ్చేశాం.

అందుకే కొత్తగా చేరిన ఈఎంటీలకి (అంబులెన్స్‌లో వైద్యం చేసేవాళ్ళకి), పైలట్లకి (అంటే అంబులెన్స్ డ్రైవర్లకి), ఇంట్లోవాళ్ళకి కూడా పనికొస్తుందని ఇది రాస్తున్నా.

ముందు అసలు సంగతి. బొగ్గులు, కట్టెలు, గ్యాస్, పెట్రోల్, ఏదైనా సరే గాలి చాలక సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు ఉండదు, వాసన ఉండదు. పొగ పోయి నిప్పులు కణకణలాడుతుంటే ఇంక ఫర్వాలేదులే అని కుంపటి లోపలికి తెచ్చుకుంటారు చూడండి, ఆ ఎర్రటి నిప్పుల్లోంచే ఇది బాగా వస్తుంది. గ్యాస్ లీకైతే కంపు కొడుతుంది కదా, తెలిసిపోతుంది కదా అంటారు కొంతమంది, అది వేరు ఇది వేరు.

కాల్ వచ్చినప్పుడే ఆలోచించడం మొదలెట్టాలి

ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి కళ్ళు తిరుగుతున్నాయా? స్నానానికి వెళ్ళినవాళ్ళు అరగంటైనా తలుపు తియ్యలేదా? లంబసింగి, అరకు, ఆదిలాబాద్ వైపు చలి రాత్రుల్లో గదిలోనో టెంట్‌లోనో నిప్పులు పెట్టుకుని పడుకున్నారా? తుఫానుకి కరెంటు పోయి జనరేటర్ ఇంటి లోపల నడిపారా? వీటిలో ఏ ఒక్కటి విన్నా దారిలోనే అనుమానం పెట్టుకోవాలి.

గుమ్మం దగ్గర

పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్ళిపోకండి. తలుపులు, కిటికీలు బార్లా తెరిపించండి, పేషెంట్‌ని బయటికి తెచ్చాకే మిగతా పరీక్షలు, ఎందుకంటే ఆ గాలి మీకూ అదే చేస్తుంది. స్పృహ తప్పినవాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పది నిమిషాలు బీపీ చూస్తూ ఉంటే మీరూ పడిపోవచ్చు. లోపల కార్బన్ మోనాక్సైడ్ బాగా ఉందనిపిస్తే ఫైర్ వాళ్ళని పిలవండి. బ్రిటన్‌లో చాలాచోట్ల అంబులెన్స్ వాళ్ళు బ్యాగుకి చిన్న సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం తగిలించుకుంటారు, ఇక్కడ కూడా ప్రతి బండికీ ఒకటి ఇవ్వాలని నా గట్టి కోరిక.

కళ్ళు ఇల్లంతా తిప్పండి

కుంపటి, బూడిద, బాత్రూంలో గ్యాస్ గీజర్. గీజర్ ఉంటే దాని పొగ బయటికి పోయే గొట్టం ఉందా, వెంటిలేటర్‌కి అట్ట పెట్టి మూసేశారా చూడండి. మంట నీలంగా కాకుండా పసుపుగా వస్తోంది, పైన గోడకి మసి పట్టింది అంటే సరిగ్గా మండట్లేదన్నమాట. అలా లేకపోయినా క్లీన్ చిట్ ఇవ్వద్దు.

అడగాల్సిన ప్రశ్నలు

ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే ఉందా? బయటికెళ్తే తగ్గి ఇంట్లోకొస్తే మళ్ళీ వస్తోందా? కుక్క, పిల్లి ఏమైనా మగతగా పడున్నాయా? ఆడవాళ్ళెవరైనా గర్భిణీనా? ఈ చివరిది మర్చిపోవద్దు, కడుపులో బిడ్డకి తల్లికన్నా ఎక్కువ ప్రమాదం, తల్లి బానే ఉన్నానన్నా సరే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి.

లక్షణాలంటారా, తలనొప్పి, తల తిరగడం, వాంతులు, కాళ్ళలో సత్తువ లేకపోవడం, మాట తడబడటం, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి ఛాతీలో నొప్పి, ఇంకా ముదిరితే ఫిట్స్, స్పృహ పోవడం. ఫుడ్ పాయిజన్ అనో, వైరల్ ఫీవర్ అనో, తాగి పడిపోయాడనో పొరబడేది ఇక్కడే. జ్వరం లేకుండా ఇంటిల్లిపాదికీ ఫ్లూ వచ్చిందంటే నమ్మొద్దు. ఒళ్ళు చెర్రీ పండులా ఎర్రగా అవుతుందని పుస్తకాల్లో ఉంటుంది, అది అరుదు, దానికోసం ఎదురుచూడొద్దు.

ఆక్సీమీటర్‌ని నమ్మొద్దు

రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌కి కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అతుక్కున్నది ఏదో మామూలు ఆక్సీమీటర్‌కి తేడా తెలీదు, రెండింటినీ ఆక్సిజన్ కిందే లెక్కేసి 98, 99 చూపిస్తుంది. ఆ నంబర్ చూసి ఆక్సిజన్ ఆపేసిన వాళ్ళని నేను చూశాను, చాలా బాధేస్తుంది.

అనుమానం వస్తే చాలు, నాన్ రీబ్రీదర్ మాస్క్ (సంచి ఉన్న ఆక్సిజన్ మాస్క్) పెట్టి నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ ఇవ్వాలి, హాస్పిటల్ దాకా తియ్యకూడదు. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి 4, 5 గంటలు పడితే మంచి ఆక్సిజన్‌తో గంట, గంటన్నరలో తగ్గుతుంది. 1500 లీటర్ల సిలిండర్ నిండుగా ఉన్నా ఈ లెక్కన గంటా నలభై నిమిషాలే, ఏజెన్సీ రోడ్ల మీద దూరం పోవాలంటే ముందే గేజ్ చూసుకోండి. షుగర్ చూడండి, వీలుంటే ఈసీజీ తియ్యండి.

హాస్పిటల్లో అప్పజెప్పేటప్పుడు

"కళ్ళు తిరిగి పడిపోయారు" అని ఊరుకోకండి. మూసిన గదిలో కుంపటి ఉంది, ఇన్ని గంటలు ఉన్నారు, ఆక్సిజన్ ఇన్నింటికి మొదలెట్టాం అని కాగితం మీద రాసి డాక్టర్ చేతికే ఇవ్వండి. కార్బాక్సీ హిమోగ్లోబిన్ టెస్ట్ (హిమోగ్లోబిన్‌కి ఎంత కార్బన్ మోనాక్సైడ్ అతుక్కుందో చెప్పే రక్త పరీక్ష) చేస్తారా అని అడగండి. ఆక్సిజన్ పెట్టాక చాలాసేపటికి తీస్తే అది తక్కువే వస్తుంది, అందుకే ఆ టైం రాయడం.

ఇంట్లో మిగిలినవాళ్ళని కూడా చూపించండి, ఆ రాత్రి ఎవర్నీ ఆ గదిలో పడుకోనివ్వద్దు. ఇంటికొచ్చిన కొన్ని రోజులకో, నెల దాటాకో కూడా మతిమరుపు, నడకలో తేడా, మనిషి తీరు మారడం కనిపించొచ్చు, అప్పుడు కుంపటి సంగతి చెప్పి మళ్ళీ డాక్టర్‌కి చూపించమని ఇంటివాళ్ళకి రెండుసార్లు చెప్పి రండి.