రోడ్ సైకిల్ పాఠాలు – 4: మన్నే టైరును ఎంచుకోవడం

ట్యూబు మార్చడం, గాలి కొట్టడం గత పాఠంలో అయిపోయాయి. ఈసారి టైరు.

"బాగా మన్నే టైరు ఏది?" అని అడిగి చూడండి. పది మంది పది పేర్లు చెబుతారు. చిత్రమేమిటంటే ఆ పదీ నిజమే కావచ్చు, ఎందుకంటే ఒక్కొక్కరూ ఒక్కో మన్నిక గురించి మాట్లాడుతుంటారు. రబ్బరు త్వరగా అరగకపోవడం ఒక మన్నిక. గుచ్చుకున్నది ట్యూబు దాకా దిగకుండా ఆపడం ఇంకొకటి. రాయి కోసినా, గుంత అంచు ఒరుసుకున్నా టైరు బట్ట తెగకపోవడం మూడోది. ఒకదాంట్లో మొనగాడైన టైరు ఇంకోదాంట్లో సాదాసీదాగా ఉండటం మామూలే. మధ్యలో పంక్చర్‌ను ఆపే మందపాటి పట్టీ వేసి, పక్కలు కాగితంలా వదిలేసిన టైర్లు చాలా ఉన్నాయి. వేల కిలోమీటర్లు అరగకుండా తిరిగి, వాన పడితే మలుపులో జారిపోయేవీ ఉన్నాయి.

కాబట్టి మీకు ఏ మన్నిక కావాలో ముందు తేలాలి. అది కేటలాగు చూస్తే తేలదు, మీ పాత టైరును చూస్తే తేలుతుంది.

పాత టైరుకు పోస్ట్‌మార్టం

పారేయబోయే వెనక టైరును చక్రం నుంచి ఊడదీయకముందే మంచి వెలుతురులో పెట్టుకోండి. వెనకదే ఎందుకంటే బరువులో దాదాపు అరవై శాతం దాని మీదే ఉంటుంది, తొక్కిన బలమంతా దాని గుండానే రోడ్డుకు చేరుతుంది. ముందు టైరు కంటే అది దాదాపు రెండింతలు వేగంగా అరుగుతుంది.

మొదట ట్రెడ్, అంటే రోడ్డును తాకే పై రబ్బరు, దాని నడిమి భాగం. కొత్త టైరును ఎదురుగా చూస్తే గుండ్రంగా వంగి ఉంటుంది. అరిగినది నడుమ చదునై, రెండు వైపులా చిన్న అంచులు తేలి ఉంటుంది. కాంటినెంటల్ టైర్లలో చాలావాటికి ట్రెడ్ మీద రెండు చిన్న గుంటలు ఉంటాయి. అవి కనిపించకుండా పోతే ఆ టైరు పని అయిపోయినట్టు. గుంటలు లేని టైరైతే ఆ చదును పట్టీ వెడల్పే గుర్తు. లోపలి దారాలు బయటికి కనిపించేదాకా ఆగారంటే చాలా ఆలస్యం చేశారన్నమాట.

తర్వాత కోతలు. ఊడదీసిన టైరును రెండు చేతులతో వెనక్కి వంచితే మూసుకుపోయిన కోతలు నోరు తెరుస్తాయి. లోపల మెరిసేది గాజు. పిన్నీసు మొనతో నెమ్మదిగా బయటికి తీయండి, లోపలికి నెట్టొద్దు. కోత రబ్బరు వరకే ఉంటే భయం లేదు. అడుగున బట్ట దారాలు తెగి కనిపించినా, గాలి నింపినప్పుడు ఆ చోట టైరు ఉబ్బినా ఇక దాన్ని వాడకూడదు.

ఇక లోపలి వైపు. కళ్ల కంటే దూది ఉండ బాగా పనిచేస్తుంది. టైరు లోపల చుట్టూ దాన్ని మెల్లగా జరుపుతూ పోతే, ఏదో ఒకచోట పోగు చిక్కుకుని ఆగుతుంది. అక్కడ వేలుతో తడమకండి, పటకారుతో లాగండి. చాలాసార్లు వచ్చేది వెంట్రుక మందాన ఉన్న ఉక్కు తీగముక్క. లారీ టైర్లు పగిలినప్పుడు వాటిలోని ఉక్కు అల్లిక ఇలా ముక్కలై రోడ్డు అంచున పడుతుంది. పంక్చర్ వేశాక గంటలోనే మళ్లీ గాలి పోతే మొదట అనుమానించాల్సింది దీన్నే. గాజుపెంకును ఆపే పట్టీ ఈ తీగను ఆపుతుందన్న హామీ లేదు. సన్నగా ఉంటుంది కనుక అల్లిక సందుల్లోంచి దూరిపోతుంది.

పక్క గోడలు చూడండి. పోగులు లేచాయా? చిన్న చిన్న పగుళ్లు పడ్డాయా? పోగులు లేస్తే రాయి గానీ, గుంత అంచు గానీ, సరిగ్గా బిగించని రిమ్ బ్రేకు గానీ ఒరుసుకుంటోందని. పగుళ్లు ఎండా, ఓజోనూ చేసే పని.

చివరగా మీరు మార్చిన ట్యూబులు. పాము కాటులా పక్కపక్కన రెండు చిల్లులు ఉంటే గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్‌కూ రోడ్డుకూ మధ్య నలిగిందని. చిల్లు రిమ్ వైపు ఉంటే స్పోకు రంధ్రాల మీద వేసిన టేపు జరిగిందని. ఈ రెండింటిలోనూ టైరు తప్పేమీ లేదు. ఈ పని తేలిక కావాలంటే టైరు ఎక్కించేటప్పుడే దాని మీది పేరు సరిగ్గా వాల్వు దగ్గరకు వచ్చేలా పెట్టుకోండి. అప్పుడు ట్యూబులో చిల్లు వాల్వుకు ఎంత దూరంలో ఉందో కొలిచి, టైరులో అదే చోట వెతకొచ్చు.

ఒక నమూనా చిట్టా చూద్దాం. "నడుమ చదును, కానీ దారాలు కనిపించలేదు. కోతలు చాలా, లోతైనది ఒక్కటీ లేదు. పంక్చర్లు నాలుగు: మూడు జంట చిల్లులు, ఒకటి తీగముక్క. పక్కలు బాగున్నాయి." ఈ మనిషి అంగడికి వెళ్లి "పంక్చర్ పడని టైరు ఇవ్వండి" అంటాడు. మందమైన, బరువైన, మొండి టైరుతో తిరిగొస్తాడు. అయినా నలిగే ట్యూబు నలుగుతూనే ఉంటుంది. అతనికి కావలసింది పట్టీ కాదు, కాస్త వెడల్పైన టైరు, సరైన గాలి. 25 మి.మీ. వాడుతున్నవాడు 28కి మారితే లోపల గాలికి చోటు పెరుగుతుంది, రిమ్ నేలకు తగలడం తగ్గుతుంది. ఫ్రేములో, బ్రేకులో అంత చోటుందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి. టైరు పక్కన 28-622 అని ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మి.మీ.లలో. అందరూ 700సి అనే కొలత ఈ 622యే.

పెట్టె మీది మాటలు

టీపీఐ అంటే అంగుళానికి ఎన్ని దారాలన్నది. దారాలు సన్నగా, ఎక్కువగా ఉంటే బట్ట మెత్తగా వంగుతుంది, టైరు తేలిగ్గా దొర్లుతుంది. 60 ఉన్నవి మోటు, 120 ఉన్నవి మేలు. మరి 330 అని కనిపిస్తే? కాంటినెంటల్ వారి రేసు టైరు గ్రాండ్ ప్రి 5000 మీద ఉండే అంకె అదే. 110 దారాల బట్టను ట్రెడ్ కింద మూడు పొరలుగా మడిచి, మూడింటినీ కూడితే వచ్చిన లెక్క. అబద్ధం కాదు. అలాగని మరో కంపెనీ అంకె పక్కన పెట్టి పోల్చడానికి పనికిరాదు.

కెవ్లార్ (చాలా గట్టి కృత్రిమ దారం) అన్న మాట ఇంకా జాగ్రత్తగా చదవాలి. మడత పెట్టే టైర్లలో రిమ్‌ను పట్టుకునే అంచుకు, అంటే బీడ్‌కు, ఉక్కు తీగ బదులు కెవ్లార్ జాతి దారం వాడతారు. అది ఉందంటే టైరు తేలికగా ఉంటుందనీ, మడిచి జేబులో పెట్టుకోవచ్చనీ అర్థం. పంక్చర్‌కూ దానికీ సంబంధం లేదు. పంక్చర్‌ను ఆపేది ట్రెడ్ కింద వేసే పట్టీ. "కెవ్లార్ బీడ్" అని ఉందా, "పట్టీ" అని ఉందా చూసి మరీ కొనండి. ఆ పట్టీ కూడా ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో చూడండి. కొన్నిటిలో నడుమ మాత్రమే, కొన్నిటిలో ఒక అంచు నుంచి రెండో అంచు దాకా.

రబ్బరు మిశ్రమం సంగతి పెట్టె మీద పెద్దగా ఉండదు. గట్టి రబ్బరు నెమ్మదిగా అరుగుతుంది, తడిలో పట్టు తక్కువ. మెత్తనిది అందుకు పూర్తిగా విరుద్ధం. నడుమ గట్టిది, భుజాల మీద మెత్తనిది వేసే టైర్లు ఈ పేచీకి ఒక రాజీ. ట్రెడ్ మీది గీతల్ని పట్టించుకోకండి. కారు టైరులా నీటి మీద తేలిపోయే ప్రమాదం సన్నటి సైకిల్ టైరుకు రోడ్డు వేగాల్లో రాదు. నున్నటి టైరే చాలు.

మన్నికకు ఎంత చెల్లిస్తున్నారు

ఇక్కడ చిన్న లెక్క వేయక తప్పదు. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు, వేగం గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకనుకు 10 మీటర్లు అనుకుందాం. దొర్లుడు గుణకం అంటే టైరు దొర్లేటప్పుడు బరువులో ఎన్నో వంతు బలం అడ్డుపడుతుందన్నది. అది 0.003 ఉన్న రేసు టైర్లతో రబ్బరు తినేసే శక్తి దాదాపు 24 వాట్లు. గుణకం 0.006 ఉన్న మొండి టైర్లతో 47 వాట్లు. బరువు 785 న్యూటన్లు, దాన్ని గుణకంతోనూ వేగంతోనూ గుణిస్తే చాలు, మీ అంకెలతో మీరే వేసుకోవచ్చు. రేసులో ముందువాళ్ల చక్రం వెనకే అంటిపెట్టుకుని కష్టంగా పోతున్నప్పుడు ఆ 23 వాట్లు మిమ్మల్ని గుంపులో ఉంచుతాయి, లేదా గుంపు నుంచి విసిరేస్తాయి.

సాధనలో మాత్రం ఆ నష్టం నష్టమే కాదు. గంట సేపు 180 వాట్లు తొక్కితే కాళ్లకు అందే వ్యాయామం ఏ టైరుతోనైనా ఒకటే. కాస్త తక్కువ దూరం పోతారు, అంతే. "బరువు టైర్లతో సాధన చేస్తే బలం పెరుగుతుంది" అన్న మాట కూడా ఇదే లెక్కతో కొట్టుకుపోతుంది.

మూడు అంతస్తులు

రేసు టైర్లు: కాంటినెంటల్ గ్రాండ్ ప్రి 5000, విట్టోరియా కోర్సా, ష్వాల్బే ప్రో వన్ వంటివి. వీటికంటే పలచగా, టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసు) కోసమే చేసినవీ ఉన్నాయి. మన్నిక కోరేవాళ్లు వాటి జోలికి పోనక్కర్లేదు.

మధ్య అంతస్తు: కాంటినెంటల్ గ్రాండ్ ప్రి 4-సీజన్, విట్టోరియా రూబినో ప్రో, మిషెలిన్ పవర్ ఎండ్యూరెన్స్ వంటివి. 4-సీజన్‌లో వెక్‌ట్రాన్ అనే గట్టి దారంతో చేసిన పట్టీ ఉంటుంది, పక్కలకు డ్యూరాస్కిన్ అనే అల్లిక రక్షణ కూడా ఉంటుంది.

మొండి టైర్లు: కాంటినెంటల్ గేటర్‌స్కిన్, ష్వాల్బే డ్యురానో ప్లస్. ఇంకా దాటితే ష్వాల్బే మారథాన్ ప్లస్, దానిలో 5 మి.మీ. మందాన రక్షణ పొర ఉంటుంది. సామాను కట్టుకుని దూరాలు పోయేవాళ్ల టైరు అది, రేసు సైకిల్‌కు తొడిగితే గుర్రానికి గొలుసు వేసినట్టే.

సాధనకు నేను చెప్పేది మధ్య అంతస్తే. చాలామంది సాధనకు అన్నిటికంటే మొండిది, రేసుకు అన్నిటికంటే వేగమైనది అని రెండు కొసలు పట్టుకుంటారు. చిక్కు మలుపుల్లో వస్తుంది. వారమంతా గట్టి రబ్బరు మీద వాలడం అలవాటైన ఒళ్లు, రేసు రోజున మెత్తటి టైరు పట్టును నమ్మదు. మలుపు మలుపుకూ బ్రేకు వేస్తుంది. పోస్ట్‌మార్టంలో పక్కల కోతలో, లోతైన గాజు కోతలో పదేపదే కనిపిస్తేనే మొండి టైరుకు పోండి. అప్పుడైనా వెనక చక్రానికి మాత్రమే.

ముందు చక్రం విషయంలో బేరం లేదు. వెనక టైరు జారితే చాలాసార్లు నిలదొక్కుకోవచ్చు, ముందుది జారితే నేల మీద ఉంటారు. అందుకే వెనకది అరిగినప్పుడు కొత్త టైరును వెనక వేయకండి. ముందుదాన్ని వెనక్కి మార్చి, కొత్తదాన్ని ముందు వేయండి. రెండూ సమానంగా అరగాలని సగం అరిగిన వెనక టైరును ముందుకు తెచ్చేవాళ్లున్నారు. చదునైన టైరుతో ముందు చక్రం మలుపులో ఎలా వాలుతుందో చూస్తే ఆ పొదుపు మానుకుంటారు.

ట్యూబ్‌లెస్, అంటే ట్యూబు లేకుండా వాడే టైరు సంగతి క్లుప్తంగా. లోపల పోసే ద్రవం చిన్న చిల్లుల్ని తనే మూసేస్తుంది, తీగముక్కల బెడదకు ఇంతకంటే మంచి మందు లేదు. ట్యూబే లేదు కాబట్టి నలిగి జంట చిల్లులు పడే గొడవా లేదు. కానీ ఆ ద్రవం కొన్ని నెలల్లో ఎండిపోతుంది. చూసుకుంటూ పోయకపోతే ట్యూబ్‌లెస్ వల్ల లాభం సున్న. టైరు అంచును పట్టే కొక్కెం లేని (హుక్‌లెస్) రిమ్‌లైతే గాలి ఒత్తిడి 5 బార్లు, అంటే సుమారు 72 పీఎస్‌ఐ దాటకూడదు. ఆ రిమ్‌కు సరిపడుతుందని తయారీదారు చెప్పిన టైరే వేయాలి.

రేసు టైరును కాపాడుకోవడం

కొత్త టైరుతో నేరుగా రేసుకు పోకండి. కొన్ని రోజులు ముందే ఎక్కించి తొక్కితే అంచు సరిగ్గా కూర్చుందో లేదో తెలుస్తుంది, పైనున్న నునుపు పోతుంది. వాన పడిన రోజు తర్వాత టైర్లు తప్పకుండా చూడండి. తడి రబ్బరును గాజు సులువుగా కోస్తుంది, పైగా నీళ్లకు చెత్తంతా కొట్టుకొచ్చి రోడ్డు అంచున చేరుతుంది. ఒక్కో ముక్కా మొదటి చుట్టులోనే లోపలికి దిగదు, చక్రం తిరిగిన కొద్దీ దిగుతుంది. ఇంటికొచ్చాక రెండు నిమిషాలు వెచ్చించి ఏరితే రేపటి పంక్చర్ ఆగుతుంది. లోతైన కోతలు రెండు మూడు పడిన రేసు టైరును, బట్ట తెగనంత వరకు, సాధనకు వెనక చక్రానికి దింపేయండి.

వాడని టైర్లను చీకటిగా, చల్లగా ఉన్నచోట ఉంచండి. రవ్వలు చిమ్మే విద్యుత్ మోటార్ల పక్కన మాత్రం వద్దు, అక్కడ పుట్టే ఓజోన్ రబ్బరును పగలగొడుతుంది.

ఈ పాఠానికి అభ్యాసం

పాత వెనక టైరు ఒకటి తీసుకుని ఐదు వరుసలు రాయండి: నడిమి అరుగుదల, కోతలు, లోపల దొరికినవి, పక్కలు, ట్యూబు చిల్లుల ఆకారం. ఆరో వరుసలో "ఇది దేనివల్ల పోయింది" అన్నదానికి ఒకే ఒక్క కారణం రాయండి. రెండు రాయాలనిపిస్తే ఏది ముందు వచ్చిందో ఆలోచించి ఒకటి కొట్టేయండి. ఆ చిట్టా దాచుకోండి, ఐదో పాఠంలో టైరు వెడల్పుకూ రిమ్ లోపలి వెడల్పుకూ లెక్క కుదిర్చేటప్పుడు కావాలి. అప్పటికి మీ రిమ్ లోపలి వెడల్పు కూడా మి.మీ.లలో కొలిచి పెట్టుకోండి.